కొసరు పాయింట్ల కోసం హోటల్ మార్చవచ్చా? తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

ఉద్యోగరీత్యా నెలకు ఆరేడు రాత్రులు హోటళ్లలోనే గడుస్తాయి. తొమ్మిదేళ్లుగా ఎక్కువగా ఒకే హోటల్ చైన్‌లో దిగుతున్నాను, ఇంకో రెండింటిలోనూ సభ్యత్వం ఉంది. సభ్యులకు బస చేసినప్పుడల్లా పాయింట్లు జమ అవుతాయి, తర్వాత డబ్బుకు బదులు వాటితో గది తీసుకోవచ్చు. ఏడాదికి మూడు నాలుగుసార్లు మెయిల్ వస్తుంది. ఫలానా తేదీల మధ్య ఉంటే రెట్టింపు పాయింట్లనో, మూడు బసలకు ఒక రాత్రి ఉచితమనో అందులో ఉంటుంది. మొదటి రెండేళ్లు వచ్చిన ప్రతి ఆఫర్ వెంటా పడ్డాను. ఆ తర్వాత ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ ఆఫర్‌లో నిజంగా ఎంత మిగిలిందో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్నది ఆ పుస్తకం ముందు పెట్టుకునే.

ముందు ‘రెట్టింపు’ను డబ్బులోకి మార్చి చూద్దాం. మారియట్, హిల్టన్, ఐహెచ్‌జీ హోటల్ చైన్లు తమ బ్రాండ్లలో ఎక్కువ వాటికి డాలర్‌కు 10 పాయింట్లు ఇస్తాయి. హయత్ 5 ఇస్తుంది. పన్నులు కలపని అద్దె మీదే ఈ లెక్క. అద్దె 120 డాలర్లయితే మామూలుగా 1,200 పాయింట్లు వస్తాయి, ఆఫర్ వల్ల ఇంకో 1,200 కొసరు. ఇక ఆ పాయింటు విలువెంత? నేను దిగే రకం హోటళ్లలో పన్నులతో కలిపి 150 డాలర్లు పడే గదికి తరచూ 30,000 పాయింట్లు అడుగుతున్నారు. పాయింటుకు అర సెంటు. అలా చూస్తే కొసరుగా వచ్చిన 1,200 పాయింట్లు 6 డాలర్లు, అంటే 5 శాతం తగ్గింపు. ఎలాగూ వచ్చే మామూలు పాయింట్లు కూడా కలుపుకుంటే 12 డాలర్లు. నాలుగడుగుల దూరంలో అంతే శుభ్రమైన గది 15 డాలర్లు తక్కువకు దొరికిందనుకోండి, ఆఫర్ గిట్టుబాటు కానట్టే. నేను రెండేళ్లపాటు ఈ చిన్న కూడిక చేయలేదు.

పాయింటు విలువ కట్టేటప్పుడు మీరు నిజంగా వాడబోయే గదినే లెక్కలోకి తీసుకోండి. ఖరీదైన రిసార్టులో సూట్ చూపించి పాయింటుకు ఒకటిన్నర సెంట్లు వస్తుందని లెక్క చెప్పేవాళ్లు ఉంటారు. ఆ సూట్‌కు డబ్బు పెట్టి మీరు ఎన్నడూ వెళ్లకపోతే ఆ అంకె మీకు పనికిరాదు. అకార్ అనే చైన్‌లో ఈ బాధ లేదు, 2,000 పాయింట్లకు బిల్లులో 40 యూరోలు తగ్గుతాయి. మిగతా చోట్ల మాత్రం తేదీని బట్టి మారుతుంది. హిల్టన్ 2017లో, మారియట్ 2022లో ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో చెప్పే స్థిరమైన పట్టికలను తీసేశాయి. ఈరోజు 30,000 ఉన్న గది వచ్చే ఏడాది 38,000 కావచ్చు. అందుకే పాయింట్లను ఏళ్ల తరబడి దాచుకోవడం మానేశాను. ఒక్క మినహాయింపు ఉంది. పాయింట్లతో వరుసగా ఐదు రాత్రులు బుక్ చేస్తే మారియట్ నాలుగింటికే పాయింట్లు తీసుకుంటుంది. హిల్టన్‌లో సిల్వర్, ఆపై సభ్యత్వ స్థాయి వాళ్లకు ఇదే సౌకర్యం ఉంది. ఐదు రోజుల సెలవు ఖాయంగా ఉన్నవాళ్ల చేతిలో ఆ అర సెంటు పాయింటే 0.625 సెంటు దాకా వెళుతుంది. వాళ్లు ఆఫర్‌ను నాకంటే ఉదారంగా చూడవచ్చు.

నాకు బాగా కలిసొచ్చినవి రెట్టింపు ఆఫర్లు కావు, బసకు ఇన్ని పాయింట్లని స్థిరంగా ఇచ్చేవి. బసకు 2,000 అంటే నా లెక్కలో 10 డాలర్లు. 70 డాలర్ల గదిలో ఒక్క రాత్రి ఉండి వచ్చేవాడికి అది 14 శాతం. అదే గదిలో నాలుగు రాత్రులున్నా అవే 2,000. ఒకే హోటల్‌లో ఖాళీ చేసి మళ్లీ చెకిన్ అయినా, రాత్రులు వరుసగా ఉంటే ఒకే బసగా లెక్కిస్తారు. దీన్ని దాటడానికి నాలుగు రాత్రుల పనిలో రెండో రోజు సామాను సర్దుకుని ఇంకో హోటల్‌కు మారాను. పొద్దున పదకొండుకు గది ఖాళీ చేసి, మధ్యాహ్నం మూడుకు రెండోది చేతికొచ్చేదాకా పెట్టెతోనే పనికి వెళ్లాను. ఆ 10 డాలర్లకు అంత శ్రమ అక్కర్లేదని ఆ రోజే తేలిపోయింది, మళ్లీ మారలేదు.

ఉచిత రాత్రి ఆఫర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మూడు బసలు కావాలి, నాకు రెండే ఉన్నాయి. గడువు ముగిసే వారంలో, ఏ పనీ లేకపోయినా 85 డాలర్లు పెట్టి ఒక రాత్రి కొన్నాను. ఉచిత రాత్రి వచ్చింది, కానీ ఇన్ని పాయింట్లలోపు గదికే వాడాలన్న పరిమితి ఉంది, ఏడాది గడువుంది. నేను వెళ్లాలనుకున్న తేదీల్లో ప్రతి హోటలూ ఆ పరిమితి దాటే ఉంది. చివరి నెలలో, 90 డాలర్లకు దొరికే గదికి దాన్ని వాడేశాను. పుస్తకంలో ఆ పేజీ చివర మిగులు 5 డాలర్లని రాసి ఉంది. పోయిన సాయంత్రానికి, ప్రయాణపు ఖర్చుకు అందులో లెక్క కట్టలేదు.

షరతుల్లో ముందుగా చూసేది రిజిస్ట్రేషన్. చాలా ఆఫర్లలో దానికి ముందు చేసిన బసలు లెక్కలోకి రావు. కాబట్టి వెళ్తానో లేదో తెలియకపోయినా మెయిల్ రాగానే నొక్కేస్తాను, దానికి ఖర్చేమీ లేదు. రెండోది రేటు. బయటి బుకింగ్ సైట్లలో తీసుకున్న గదికి సాధారణంగా పాయింట్లే రావు. ఒకసారి హోటల్ సొంత సైట్‌లోనే, ఒక సమావేశం కోసం ఇచ్చిన గ్రూపు రేటుతో ఐదు రాత్రులు తీసుకున్నాను. కొసరు జమ కాలేదు. అడిగితే ఆ రేటు అర్హం కాదన్నారు, బుకింగ్ పేజీలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. రెండు నెలలు ఉత్తరాలు రాశాక సగం వేశారు. అప్పటినుంచి షరతుల పేజీ, రేటు వివరాల పేజీ రెండూ ఫొటో తీసి పెట్టుకుంటున్నాను.

సభ్యత్వ స్థాయి పెంచుతామనే ఆఫర్లు వేరు. పై స్థాయితో వచ్చే ఆలస్యంగా గది ఖాళీ చేసే వీలు, ఉదయపు అల్పాహారం నెలలో ఆరు రాత్రులుండే నాకు పాయింట్ల కంటే విలువైనవి. ఏడాదికి నాలుగు రాత్రులుండేవాళ్లు వాటి వెంట పడితే వాడుకునే రోజులే దొరకవు.

ఈ సీజన్‌లో మళ్లీ మూడు బసలకు ఉచిత రాత్రి అంటూ వచ్చింది. మెయిల్ చూడగానే రిజిస్టర్ చేసుకున్నాను. గడువులోపల నాకు రెండు ప్రయాణాలున్నాయి, ఒకదానిలో పక్క హోటల్ 20 డాలర్లు తక్కువకు దొరికింది, దాన్నే బుక్ చేశాను.