పెరట్లో ఆయిల్ ట్యాంకు ఉన్న ఇల్లు కొన్నాం: న్యూజెర్సీలో మా అనుభవం

ఎడిసన్ దగ్గర మేము కొన్న ఇల్లు 1950ల నాటిది. గ్యాస్ హీటింగ్ ఉంది కాబట్టి ఆయిల్ ట్యాంకు ఊసు ఎవరూ ఎత్తలేదు. అయితే ఇక్కడ అప్పట్లో కట్టిన ఇళ్లలో చాలా వాటికి ఆయిల్ మండించి ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ హీటింగే ఉండేది. తర్వాత గ్యాస్‌కి మారినప్పుడు ఆ ఆయిల్ నిల్వ చేసే ఇనప ట్యాంకును నేలలోనే వదిలేసిన ఇళ్లు ఎన్నో. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో ఇది చూడరు. ట్యాంక్ స్వీప్ విడిగా చేయించాలి. మెటల్ డిటెక్టర్‌తో ఇంటి చుట్టూ వెతుకుతారు. మా బేస్‌మెంట్ గోడలోంచి వచ్చి, కోసి మూసేసిన రెండు సన్న రాగి గొట్టాలు (ట్యాంకు ఆయిల్ కోసం వేసేవి) చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. స్వీప్‌లో పెరట్లో ట్యాంకు బయటపడింది.

దాన్ని ఎప్పుడో ఇసుకతో నింపేశామని అమ్మేవాళ్లు టౌన్‌షిప్ (స్థానిక మునిసిపాలిటీ) కాగితం చూపించారు. అది చాలన్నాడు వాళ్ల రియల్టర్. మా లాయర్ ఒప్పుకోలేదు. ట్యాంకు నింపారని ఆ కాగితం చెబుతుంది గానీ, కింద మట్టి ఎలా ఉందో అందులో ఎక్కడా లేదు. లీకైతే శుభ్రం చేయించే ఖర్చు వేల డాలర్లతో ఆగదు, పదుల వేలకు పోతుంది. ఇల్లు మన పేరు మీదికి వచ్చాక అది మన మెడకే చుట్టుకుంటుంది. హోమ్ ఇన్సూరెన్సులు చాలావరకు దీన్ని కవర్ చేయవు.

అందుకే క్లోజింగ్‌కి (ఇల్లు మా పేరు మీదికి మారే రోజుకి) ముందే, అమ్మేవాళ్ల ఖర్చుతోనే తీయించాలని పట్టుబట్టాం. తవ్వి తీస్తే అడుగున తుప్పు పట్టి చిల్లులు! మట్టి శాంపిళ్లు ల్యాబ్‌కి వెళ్లాయి, చెడిన మట్టిని లారీల్లో తరలించారు, చివరికి రాష్ట్ర పర్యావరణ శాఖ డీఈపీ నుంచి 'నో ఫర్దర్ యాక్షన్' లెటర్, అంటే ఇక చేయాల్సిందేమీ లేదన్న కాగితం, వచ్చింది. ఈలోగా క్లోజింగ్ వాయిదాల మీద వాయిదాలు పడింది. లోన్‌కి ముందే ఖాయం చేసుకున్న వడ్డీ రేటు గడువు (రేట్ లాక్) పొడిగించుకోవడానికి మేమే డబ్బు కట్టాం. ఆ రోజుల్లో ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

ఇన్నేళ్లు ఉన్నాక చెబుతున్నా, ఇల్లు చాలా బాగుంది. తవ్విన చోట మొదట్లో ప్రతి వానకీ నేల కుంగేది, మట్టి పోయిస్తూ వచ్చాం. ఇప్పుడు అక్కడే బీరపాదు, గోంగూర. ఇన్సూరెన్స్ మార్చినప్పుడు భూగర్భ ట్యాంకు ఉందా అని అడిగారు, లెటర్ పంపితే మరో ప్రశ్న రాలేదు.

ఇలాంటి ఇల్లు చూసి వదులుకోనక్కర్లేదు. న్యూజెర్సీలో కాంట్రాక్టు చేతికొచ్చాక మూడు పనిదినాల అటార్నీ రివ్యూ, అంటే లాయర్ కాంట్రాక్టు చూసి మార్పులు అడిగే గడువు, ఉంటుంది. ట్యాంకు తీయించడం, మట్టి పరీక్ష, డీఈపీ లెటర్ ఈ మూడూ అప్పుడే రాయించుకోండి. ట్యాంకులోకి గాలి ఎక్కించి లీకు చూసే ప్రెషర్ టెస్ట్ చేస్తే చాలని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి, మట్టి శాంపిల్ అడగండి.