ఒరెగాన్ తీరమా, బిగ్ సర్ దారా: అడవిలో బసకు ఏది మేలు?

నలుగురైదుగురు స్నేహితులు ఒక కారులో సర్దుకుని, పగలంతా సముద్రం పక్కన సాగి, రాత్రి అడవిలో ఒక చిన్న గదిలో నడుం వాల్చాలి. అమెరికాలో ఉండే మనవాళ్లలో ఈ కోరిక ఎవరు చెప్పినా రెండు పేర్లు ముందుకొస్తాయి. ఒకటి కాలిఫోర్నియా ఒకటో నంబరు రహదారి మీద ఉన్న బిగ్ సర్. రెండోది ఒరెగాన్ తీరం పొడవునా సాగే 101వ నంబరు రహదారి. మేము అయిదుగురం 2022 సెప్టెంబరులో ఒరెగాన్‌కు, మరుసటి ఏడు మేలో బిగ్ సర్‌కు వెళ్లాం. దారి ఒక్కటే చూసుకుంటే బిగ్ సర్‌కు సాటి లేదు. అయినా నన్ను అడిగినవాళ్లందరికీ ఒరెగాన్‌కే వెళ్లమని చెబుతున్నాను. అలా చెప్పడానికి కారణం రాత్రులు.

ఒరెగాన్ రాష్ట్ర పార్కుల్లో యర్టులు అనే బసలు ఉంటాయి. మధ్య ఆసియా సంచార జాతుల గుండ్రటి గుడారాల నమూనాలో కట్టినవి. ఇవి అక్కడ 1994 నుంచీ ఉన్నాయి. పదహారు అడుగుల వ్యాసం, చెక్క నేల, దళసరి కాన్వాసు గోడ, తాళం పడే తలుపు, విద్యుద్దీపం, హీటరు. లోపల ఒక రెండంతస్తుల మంచం, పరిస్తే పడకగా మారే సోఫా. అయిదుగురు సర్దుకోవచ్చు. కప్పు నడిమధ్య పారదర్శకమైన గుమ్మటం ఉంటుంది. పడుకుని పైకి చూస్తే చెట్ల కొమ్మలు, మబ్బు విడితే చుక్కలు. కొన్ని పార్కుల్లో దుంగలతో కట్టిన క్యాబిన్లు కూడా ఉన్నాయి. దుప్పట్లు, దిండ్లు మనమే తీసుకెళ్లాలి. స్నానాల గదికి బయట నడిచి వెళ్లాలి. లోపల వంట చేయకూడదు. బయట ఒక బల్ల, చలిమంట వేసుకోవడానికి ఇనుప వలయం ఉంటాయి.

ఈ అసౌకర్యాలన్నీ చదివి చాలామంది హోటలు వైపు మొగ్గుతారు. నేను ఇక్కడే ఆగమంటాను. హోటల్లో రెండు గదులు తీసుకుంటే రాత్రి తొమ్మిదికల్లా రెండు తలుపులు మూసుకుంటాయి, ఎవరి ఫోను వారిది. గుండ్రటి గదికి మూల కూడా లేదు. బెవర్లీ బీచ్ పార్కులో మా రెండో రాత్రి వాన పట్టుకుంది. కాన్వాసు మీద ఆ చప్పుడు వింటూ, డబ్బాల్లో తెచ్చుకున్న పులిహోర తింటూ, అందరం ఒకే దీపం కింద కూర్చున్నాం. ఉద్యోగం పోయిన సంగతి నెల రోజులుగా మాలో ఎవరికీ చెప్పని మిత్రుడు ఆ వానలో చెప్పాడు. తెల్లవారుజామున రెండింటి వరకూ మాట్లాడుకున్నాం. నెల రోజుల్లో ఎన్నిసార్లు కలుసుకున్నా అతనికి అంత వ్యవధి మేము ఇవ్వలేదన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

పైగా ఆ బస సముద్రానికి ఎంత దగ్గరో చూడండి. బెవర్లీ బీచ్‌లో శిబిరం అడవి లోయలో ఉంటుంది, రహదారి కిందుగా ఉన్న నడక దారిలో వెళితే ఇసుక మీదికి చేరతాం. కేప్ లుకౌట్‌లో ఇసుక దిబ్బ దాటితే చాలు. కారు తాళాలు గదిలోనే వదిలేసి, పొద్దున్నే చెప్పుల్లేకుండా వెళ్లి రావచ్చు.

బిగ్ సర్‌లో బస అందమైనది కాదని అనను. బిగ్ సర్ నది ఒడ్డున రెడ్‌వుడ్ చెట్ల కింద చిన్న చిన్న క్యాబిన్లు ఉన్నాయి. ఫైఫర్ బిగ్ సర్ రాష్ట్ర పార్కు లోపలే ఒక లాడ్జి ఉంది. ఆ చెట్ల మొదళ్ల దగ్గర నిలబడితే మనిషికి గొంతు తగ్గించి మాట్లాడాలనిపిస్తుంది. కాకపోతే ఆ లోయకు, సముద్రానికి మధ్య కొండ అడ్డం. రాత్రి నది వినిపిస్తుంది కాని అల వినిపించదు. సముద్రం చూడాలంటే మళ్లీ కారెక్కాలి. ఫైఫర్ బీచ్‌కు రెండు మైళ్ల సన్నటి దారి, చివర కాసిన్ని కార్లకే చోటు. మేము రెండుసార్లు వెళ్లి, చోటు లేక రెండుసార్లూ వెనక్కి వచ్చాం. అద్దె సంగతీ చెప్పాలి. అక్కడ మంచి గది రాత్రికి కొన్ని వందల డాలర్లు. అయిదుగురికి రెండు గదులు కావాలి. ఒరెగాన్‌లో ఒక్క యర్టు అద్దె అయిదుగురం పంచుకున్నాం.

బిగ్ సర్‌లో నన్ను నొప్పించిన మాట ఇంకొకటి ఉంది. మెక్‌వే జలపాతం ఎనభై అడుగుల ఎత్తు నుంచి నేరుగా ఇసుక మీద పడుతుందని అందరూ బొమ్మల్లో చూసే ఉంటారు. దాన్ని పైనున్న బాట మీద నుంచి చూడాల్సిందే, కిందికి దిగడం నిషిద్ధం. అక్కడి నిటారు కొండలకు ఆ నియమం అవసరమే, దాన్ని తప్పుపట్టను. ఒరెగాన్‌కు మాత్రం వేరే చరిత్ర ఉంది. 1913లో గవర్నరు ఆస్వాల్డ్ వెస్ట్ తడి ఇసుకను ప్రజా రహదారిగా ప్రకటించే చట్టం తెచ్చాడు. అప్పట్లో తీరంలో చాలాచోట్ల నిజంగానే బండ్లు ఇసుక మీదే నడిచేవి. 1966లో ఒక మోటల్ యజమాని పొడి ఇసుకకు కంచె వేసి, తన అతిథులకు తప్ప ప్రవేశం లేదన్నాడు. జనం ఊరుకోలేదు. 1967లో గవర్నరు టామ్ మెకాల్ హయాంలో వచ్చిన చట్టం మొక్కలు మొలిచే హద్దు దాకా ఇసుకంతా ప్రజలు తిరగడానికేనని తేల్చింది. ఈ కథ తెలిశాక ఆ తీరంలో ఎక్కడ కారు ఆపినా నాకు కృతజ్ఞతగా ఉండేది. 

ఇక దారి. కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా సుమారు తొంభై మైళ్లు బిగ్ సర్. 1937లో తెరిచారు. దానికి అయిదేళ్ల ముందే కట్టిన బిక్స్‌బీ వంతెన లోయకు 260 అడుగుల పైన ఒకే కమానుతో నిలబడి ఉంటుంది. కొండ కోసి, కడలి మీద వేలాడదీసినట్టు వేసిన రోడ్డు అది. ఇంజినీరుగా నాకు అక్కడ కళ్లు చెమర్చాయంటే అతిశయోక్తి కాదు. కాని ఆ తొంభై మైళ్లు నడిపే మనిషి చూసేది రెండు పసుపు గీతలే. ఆ రోజు నడిపిన మా మిత్రురాలు రాత్రి గదికి చేరాక, "ఇప్పుడు ఫోటోలు చూపించండి, నేనూ బిగ్ సర్ చూస్తాను" అంది. అప్పటి నుంచి మేము ముప్ఫై మైళ్లకొకసారి నడిపేవాళ్లను మార్చుకుంటున్నాం. ఏ దారైనా ఉత్తరం నుంచి దక్షిణానికే వెళ్లండి. అప్పుడు సముద్రం కుడివైపు ఉంటుంది, ఎదురొచ్చే బండ్లను దాటకుండానే పక్కకు ఆపుకోవచ్చు.

ఒరెగాన్ తీరం 363 మైళ్లు. అంత పొడవునా సముద్రం కనిపిస్తూనే ఉంటుందనుకుంటే నిరాశ తప్పదు. 101 చాలాచోట్ల లోపలికి మళ్లి, అడవుల్లో, పాడి పొలాల్లో పోతుంది. ఫ్లారెన్స్ దాటాక కూస్ బే దాకా నలభై మైళ్లు ఇసుక దిబ్బలే సముద్రాన్ని దాచేస్తాయి. అయితే ఆ దిబ్బల్ని ఎక్కితే ఎడారిలో ఉన్నామా అనిపిస్తుంది. హనీమన్ పార్కులో దిబ్బ దిగి మంచినీటి చెరువులో కాళ్లు పెట్టిన సాయంత్రం ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టే ఉంది. కేప్ పర్పెచువాలో కారులోనే ఎనిమిది వందల అడుగుల ఎత్తుకు వెళ్లవచ్చు. బిగ్ సర్ అందం అనుకున్నది అక్కడా కొంత దొరుకుతుంది.

బిగ్ సర్ విషయంలో అసలు భయం కొండచరియలు. 2017 మేలో మడ్ క్రీక్ దగ్గర కొండ జారి రోడ్డును పూర్తిగా పూడ్చేసింది. మళ్లీ తెరవడానికి 2018 జులై వచ్చింది. మేము వెళ్లిన 2023లోనూ జనవరి తుపానులకు విరిగిపడ్డ చరియల వల్ల మధ్యలో దారి లేదు. ముందే తెలిసినా, కొంత దూరం వెళ్లి తిరిగి రావలసి రావడం మనసుకు కష్టంగానే ఉంది. అక్కడి నుంచి దక్షిణాన శాన్ సిమియన్ దగ్గరున్న కేంబ్రియా ఊరు చేరాలంటే సలీనాస్ మీదుగా లోతట్టు రహదారి పట్టుకుని చుట్టూ తిరగాలి. ఒరెగాన్‌లోనూ చరియలు విరుగుతాయి, కాని తీరం నుంచి లోపలికి అడ్డదారులు అరడజను పైనే ఉన్నాయి. బుక్ చేసుకునే ముందు ఏ రాష్ట్రానికైనా రవాణా శాఖ పటం చూడండి, పార్కులో మరమ్మతులు ఉన్నాయేమో కూడా చూడండి.

పెట్రోలు, ఫోను విషయాల్లో ఒరెగాన్ తేలిక. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. 2023 ఆగస్టు నుంచి అక్కడ కూడా మన చేత్తో మనమే పెట్రోలు కొట్టుకోవచ్చు. బిగ్ సర్‌కు కార్మెల్‌లోనే ట్యాంకు నింపుకుని, పటాలు ఫోనులో దించుకుని బయలుదేరాలి.

ఒరెగాన్‌ను ఇంత మెచ్చుకుని దాని ప్రమాదాలు దాచడం తప్పు. నీళ్లు వేసవిలోనూ పన్నెండు డిగ్రీల దగ్గరే ఉంటాయి, ఈతకు కాదు. ఉన్నట్టుండి ఒక పెద్ద అల మామూలు కంటే చాలా లోపలికి వస్తుంది. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలు దిగవద్దు. ఒడ్డున పడి ఉన్న దుంగల మీద కూర్చోవద్దు, కాస్త నీరు చేరినా టన్నుల బరువున్న దుంగ దొర్లుతుంది. పైగా 1700 జనవరి 26న ఆ తీరాన్ని మహా భూకంపం కుదిపింది. దాని సునామీ జపాన్ దాకా వెళ్లింది, అక్కడి రికార్డుల వల్లే తేదీ తెలిసింది. ఇసుకకు అంత దగ్గర పడుకుంటున్నాం కనుక, చేరగానే పార్కులో ఎత్తుకు వెళ్లే దారి ఎటో అందరూ కలిసి చూసుకోండి. నేల చాలాసేపు కదిలితే సైరను కోసం ఆగకూడదు.

బిగ్ సర్‌లో భయం నిప్పు. 2016లో ఒక అక్రమ చలిమంట నుంచి పుట్టిన కార్చిచ్చు లక్షా ముప్ఫై వేల ఎకరాలకు పైగా కాల్చింది. నిషేధం ఉన్న రోజున చలిమంట ఊసే ఎత్తవద్దు.

రెండిటికీ మధ్యన ఉత్తర కాలిఫోర్నియా రెడ్‌వుడ్ పార్కులు ఉన్నాయి. జెడెడాయా స్మిత్ పార్కులో కొన్ని క్యాబిన్లూ ఉన్నాయి. చెట్ల కోసమే వెళ్లేవాళ్లకు అదే స్వర్గం. సముద్రానికి, అడవికి సమానంగా రోజులు పంచుకోవాలనుకునే జట్టుకు మాత్రం నేను దాన్ని ఒరెగాన్ ప్రయాణానికి చివరి రోజుగానే చేర్చమంటాను.

మరి బిగ్ సర్ ఎవరికి? రెండు రోజులే సెలవు దొరికి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బయలుదేరే ఇద్దరికి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవాళ్లకు కూడా. రాత్రి పూట టార్చి పట్టుకుని స్నానాల గదికి నడవడం, రెండంతస్తుల మంచం ఎక్కడం వాళ్లకు న్యాయం కాదు. గదికి ఆనుకుని స్నానాల గది ఉన్న లాడ్జిలో దించి, పగలు కారులోనే ఆ దారి చూపించండి.

స్నేహితుల జట్టయితే సెప్టెంబరుకు మార్చిలోనే కూర్చోండి. ఒరెగాన్ పార్కుల్లో ఆరు నెలల ముందు నుంచి బుకింగ్ ఇస్తారు, వారాంతాలు త్వరగా అయిపోతాయి. మేము కేప్ లుకౌట్‌లో ఒక రాత్రి, బెవర్లీ బీచ్‌లో రెండు, హనీమన్‌లో ఒకటి ఉన్నాం. అయిదోది బ్రూకింగ్స్ దగ్గర చెట్కో నది ఒడ్డున, లోబ్ పార్కు దుంగల క్యాబిన్లో. అక్కడికి కాస్త ఎగువన రెడ్‌వుడ్‌లు ఉన్నాయి. ఆ జాతి అడవులకు ఉత్తరపు అంచు అదే, దక్షిణపు అంచు బిగ్ సర్‌లో. చివరి రోజు పొద్దున్న పొగమంచులో ఆ బాట మీద నడుస్తుంటే, ఉద్యోగం పోయిన మా మిత్రుడు ఒక చెట్టు చుట్టూ చేతులు చాచి, చాలడం లేదు రమ్మని మమ్మల్ని పిలిచాడు. అయిదుగురం చేతులు కలిపి చుట్టూ నిలబడ్డాం.