లేహ్‌కి సైకిల్ మీద: మనాలీ దారా, శ్రీనగర్ దారా?

స్నేహితుడితో కలిసి మొదటిసారి తొక్కేవాళ్లకైతే నా ఓటు శ్రీనగర్ దారికే. దూరం రెండు వైపులా 400 కిలోమీటర్ల పైమాటే. తేడా అంతా ఎత్తులో ఉంది. శ్రీనగర్ వైపు అన్నిటికన్నా ఎత్తైన కనుమ ఫోటూ లా, సుమారు 4,100 మీటర్లు. మనాలీ వైపు తంగ్‌లంగ్ లా 5,300 దాటుతుంది. పైగా సర్చూలో 4,000 మీటర్లకు పైనే పడుకోవాలి. ఎత్తు పడక ఒకరికి తలనొప్పి, వాంతులు పట్టుకుంటే రెండోవాళ్లు ఎంత బాగున్నా ఇద్దరూ కిందికి దిగాల్సిందే.

బస సంగతీ అంతే. శ్రీనగర్ వైపు ద్రాస్, కార్గిల్, లామయూరులో గదులు దొరుకుతాయి. మనాలీలో హాస్టళ్లున్నా, జిస్పా దాటాక చాలావరకు గుడారాలే. మోరే మైదానాల అందం మాత్రం ఆ దారికే సొంతం. ఎత్తులు అలవాటైనవాళ్లు తప్పకుండా అటే వెళ్లండి.

శ్రీనగర్ దారిలో జోజి లా కనుమ దగ్గర లారీల దుమ్ము ఎక్కువ, ముఖానికి గుడ్డ కట్టుకోండి.