హారర్ గేమ్ కవర్ మీద ఏముండాలి: దెయ్యమా, ఖాళీ ఇల్లా, భయంలో ఉన్న మనిషా?

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో మీ గేమ్ కవర్‌ను చాలామంది మొదటిసారి చూసేది గోరంత సైజులో. చిన్న క్యాప్సూల్‌ను, అంటే స్టోర్ లిస్టుల్లో కనబడే కవర్ బొమ్మను, మీరు 462 × 174 పిక్సెళ్లలో అప్‌లోడ్ చేసినా, స్టీమ్ దాన్ని కొన్నిచోట్ల 120 × 45కి కుదించి చూపిస్తుంది. మీ ఆర్టిస్ట్ వారాల తరబడి వేసిన గోడ పగుళ్లు, నెత్తుటి మరకలు, కిటికీలో కొవ్వొత్తి వెలుగు అన్నీ అక్కడ మాయమైపోతాయి. మిగిలేది ఒక ఆకారం, ఒక రంగు, ఒక పేరు. ఏ కవర్ మేలో తేల్చాలంటే ముందు ఆ సైజులో చూడాలి.

హారర్ గేమ్ చేసేవాళ్లు మామూలుగా మూడు దారుల మధ్య ఊగిసలాడుతుంటారు. దెయ్యం ముఖం చూపించడం, ఎవరూ లేని ఇల్లో కారిడారో చూపించడం, భయంలో చిక్కుకున్న మనిషిని చూపించడం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంకా ఎవరికీ పేరు తెలియని చిన్న టీమ్‌కి మూడోదే మేలు. మిగతా రెండూ పనికిరావని కాదు. అవి పనిచేయడానికి చిన్న టీమ్ దగ్గర లేనిది ఇంకేదో కావాలి.

దెయ్యం ముఖంతో గెలిచిన గేమ్‌లు అనగానే 2014లో వచ్చిన ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్, 2021లో వచ్చిన పాపీ ప్లేటైమ్ గుర్తొస్తాయి. ఫ్రెడ్డీ ఎలుగుబంటి బొమ్మ. పాపీ ప్లేటైమ్‌లోని హగ్గీ వగ్గీ నీలం బొచ్చుతో, నోటి నిండా పళ్లతో ఉండే బొమ్మ. రెండూ పిల్లల్ని సంతోషపెట్టడానికి చేసినవే, కానీ ఎక్కడో ఏదో తేడా కొట్టింది. ఆ తేడా ముఖంలోనే ఉంది కాబట్టి ముఖం చూపిస్తే చాలు, గేమ్ మొత్తం చెప్పేసినట్టే. ఎంత చిన్న సైజులో పెట్టినా గుర్తుపడతాం. మీ దెయ్యానికి ఆ గుణం ఉంటే మొహమాటపడకండి, కవర్ నిండా పెట్టేయండి.

కానీ చాలా గేమ్‌లలో దెయ్యం అంటే జుట్టు విరబోసుకున్న పాలిపోయిన ఆడమనిషి, లేదా కళ్లులేని సన్నటి పొడుగాటి ఆకారం. స్టోర్‌లో హారర్ ట్యాగ్ నొక్కి చూడండి, అలాంటివి వరసగా కనబడతాయి. అందులో మీది ఏదో మీ స్నేహితులు కూడా పోల్చుకోలేరు. దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకొకటుంది. గేమ్‌లో గంటన్నర పాటు తలుపుల వెనక అడుగుల చప్పుడు వినిపించి, టెన్షన్ పెంచి పెంచి, అప్పుడు చూపించాల్సిన ముఖాన్ని డబ్బు కట్టకముందే స్టోర్‌లో చూపించేస్తున్నారు. మొదటిసారి చూసినప్పటి భయం ఒక్కసారే దొరుకుతుంది. దాన్ని కవర్ మీద ఖర్చు చేయకూడదు.

చూపించీ చూపించకుండా ఉండే పద్ధతి కూడా ఉంది. 2005లో గేమ్‌క్యూబ్ అనే కన్సోల్ కోసం అమెరికాలో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 కవర్ చూడండి. ఎర్రటి వెలుగు, దాని ముందు నల్లటి చెట్లు, ఆ చెట్ల మధ్య చైన్‌సా పట్టుకున్న మనిషి నీడ. ముఖం లేదు, వివరాలు లేవు. ఆ ఆకారం చేతిలో ఏముందో తెలిస్తే చాలు, మిగతాది మన బుర్రే కల్పించుకుంటుంది.

ఇక ఖాళీ ఇల్లు. వాతావరణాన్ని ప్రేమించి గేమ్ చేసే ప్రతి ఒక్కరికీ ఇదంటే ఇష్టం, నాకూ ఇష్టమే. పాత బంగళా, పొగమంచు, ఒక్క గదిలో దీపం. కంప్యూటర్ స్క్రీన్ నిండా పెట్టుకుంటే వాల్‌పేపర్‌లా అద్భుతంగా ఉంటుంది. స్టోర్ లిస్టులోకి వచ్చేసరికి తేలిపోతుంది. స్టీమ్ పేజీ రంగే ముదురు నీలం. దాని మీద నల్లటి అంచులున్న కవర్ పెడితే బొమ్మ ఎక్కడ అయిపోయిందో, పేజీ ఎక్కడ మొదలైందో తెలియదు. మధ్యలో బూడిదరంగు మచ్చ ఒకటి మిగులుతుంది. పెద్ద సిరీస్‌లకు ఈ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అక్కడ పేరే బొమ్మ. 2017లో ఏడో రెసిడెంట్ ఈవిల్ వచ్చినప్పుడు ఈవిల్ అనే ఇంగ్లిష్ మాటలోంచే రోమన్ ఏడు అంకె కనబడేలా లోగో దిద్దారు. అభిమానికి అది చాలు. మీ గేమ్ పేరు చూసి ఆగిపోయే అభిమాని ఇంకా పుట్టలేదు.

అయినా ఆ ఇంటి బొమ్మను పారేయకండి. దానికి సరైన చోటుంది. కొన్నవాళ్లకు లైబ్రరీలో పైన కనిపించే వెడల్పాటి బొమ్మ 3840 × 1240 సైజులో ఉంటుంది, దాని మీద అక్షరాలు ఉండకూడదు, లోగోను వేరే ఫైల్‌గా ఇవ్వాలి. నిశ్శబ్దంగా ఉన్న ఆ బంగళా అక్కడ నిండుగా ఉంటుంది.

మూడో దారి దగ్గర కాస్త ఆగాలి. 2001లో ప్లేస్టేషన్ 2కి వచ్చిన సైలెంట్ హిల్ 2 అమెరికా కవర్ మీద ఉన్నది హీరో జేమ్స్ కాదు, అందరికీ గుర్తుండిపోయిన రాక్షసుడు పిరమిడ్ హెడ్ కూడా కాదు. ఏంజెలా అనే అమ్మాయి ముఖం. ఆమెకు ఏం జరిగిందో మనకు తెలియదు, ఏదో జరిగిందని మాత్రం ముఖం చూస్తే తెలుస్తుంది. 2008లో డెడ్ స్పేస్ కవర్ మీద అంతరిక్షంలో తేలుతున్న తెగిన చెయ్యి. అదే ఏడాది లెఫ్ట్ 4 డెడ్ కవర్ మీద బొటనవేలు ఊడిపోయి నాలుగు వేళ్లు మిగిలిన చెయ్యి. పేరులోని నాలుగు, కలిసి ఆడే నలుగురు, జాంబీల కొరుకుడు, అన్నీ ఆ ఒక్క చేతిలో ఉన్నాయి. కవర్ మీద జాంబీ అవసరమే పడలేదు.

ఈ మూడింటిలోనూ భయపెట్టేది కనబడదు. భయం ఎవరి మీద పడిందో వాళ్లు కనబడతారు. చూసేవాడు ఆ ముఖంలోనో ఆ చేతిలోనో తనను తాను పెట్టుకుంటాడు. పైగా మనిషి ముఖం, చెయ్యి ఎంత కుదించినా కంటికి దొరుకుతాయి. 2017లో వచ్చిన లిటిల్ నైట్‌మేర్స్ ఇంకో అడుగు ముందుకేసింది. పసుపు రంగు రెయిన్‌కోట్‌లో బుజ్జి పాప, చుట్టూ ఆమెకు అందనంత పెద్ద లోకం. నువ్వు చిన్నదానివి, దాక్కోవాలి, పారిపోవాలి అని ఆటలో చేయాల్సిన పనంతా ఆ కొలతల తేడాలోనే ఉంది. ఆ పసుపు కూడా గొప్ప నిర్ణయం. హారర్ అనగానే అందరూ ఎరుపు, నలుపుల మీద పడతారు కాబట్టి మిగతా ఏ రంగైనా ఇట్టే కనబడుతుంది.

ఒక్క జాగ్రత్త. టార్చ్ పట్టుకుని, మనకు వీపు చూపిస్తూ, తలుపు ముందు నిలబడ్డ మనిషి బొమ్మ వద్దు. అది ఎంతగా అరిగిపోయిందంటే ఇప్పుడు ఖాళీ కారిడార్‌తో సమానం. ముఖమైనా కనబడాలి, లేదా చెయ్యి ఏదో ఒక పని చేస్తూ ఉండాలి.

మోసపుచ్చే కవర్ సంగతి కూడా కొందరు అడుగుతారు. 2017లో ఉచితంగా వచ్చిన డోకీ డోకీ లిటరేచర్ క్లబ్ కవర్ మీద నవ్వుతున్న నలుగురు స్కూలు అమ్మాయిలుంటారు. కానీ ఆ గేమ్ పిల్లలకు, సున్నితమైనవాళ్లకు తగదని స్టోర్ పేజీలోనే రాసి పెట్టారు. డబ్బు తీసుకునే చిన్న గేమ్‌కి ఈ దారి నేను సిఫార్సు చేయను. హారర్ కావాలనుకునేవాళ్లు దాటి వెళ్లిపోతారు, ముచ్చటైన గేమ్ అనుకుని వచ్చినవాళ్లు రిఫండ్ అడుగుతారు.

బొమ్మ ఏదైనా పేరు చదవగలగాలి. చిన్న క్యాప్సూల్‌ను దాదాపు లోగోతోనే నింపమని స్టీమ్ కూడా చెబుతుంది. నెత్తురు కారే అక్షరాలు, గీతలు గీసిన ఫాంట్లు ఆ సైజులో చెత్తలా కనిపిస్తాయి. తెలుగు లిపిలో పేరు పెట్టేవాళ్లకు ఇంకా కష్టం. పైన గుడి, కింద ఒత్తు ఉన్న మాటకు ఎత్తు కావాలి, ఆ క్యాప్సూల్‌లో లేనిది ఎత్తే. ఒత్తులు తక్కువున్న పొట్టి పేరు ఎంచుకోవడమే మంచిది. పేరు తప్ప ఇంకేమీ రాయకండి. 2022 సెప్టెంబరు 1 నుంచి రివ్యూ మాటలు, అవార్డులు, డిస్కౌంట్ సంగతులు క్యాప్సూల్ మీద పెట్టడానికి స్టీమ్ ఒప్పుకోవడం లేదు.

గేమ్‌లోంచి తీసిన స్క్రీన్‌షాట్‌కీ, వేయించిన బొమ్మకీ మధ్య అయితే వేయించినదే మేలు. స్క్రీన్‌షాట్‌లో వెలుగు ఆడటానికి అనువుగా ఉంటుంది, చిన్న సైజులో ఆకారం తెలిసేలా ఉండదు. ఏఐతో చేయించుకుంటే ఆ మాట స్టీమ్‌కి చెప్పాలి, అది కొనేవాళ్లకు పేజీలో కనబడుతుంది. బడ్జెట్‌లో ఎక్కడైనా కోత పెట్టండి, ఆర్టిస్ట్‌కి ఇచ్చేదాంట్లో మాత్రం వద్దు.

రెండు కవర్ల మధ్య తేల్చుకోలేకపోతే లెక్కలు చూడండి. కవర్ ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు అన్నది స్టీమ్ మీకు చూపిస్తుంది. ఒక కవర్‌ను కొన్ని వారాలు ఉంచి, తర్వాత రెండోది పెట్టండి. ఆ వారాల్లో సేల్ గానీ, స్టీమ్‌లో హాలోవీన్‌కి జరిగే హారర్ గేమ్‌ల పండగ గానీ లేకుండా చూసుకోండి. బొమ్మ మార్చినప్పుడు పేరు ఫాంట్‌ను కదపకండి, లేకపోతే దేనివల్ల క్లిక్‌లు పెరిగాయో తెలియదు.