లోహాలు కలిసిన నీటికి ఏది మేలు: సున్నమా, కృత్రిమ రెజినా, చెట్టు రెజినా?

నికెల్ పూత వేసే చిన్న యూనిట్‌లో వస్తువులను కడిగిన నీరు లేత ఆకుపచ్చగా, చూడడానికి తేటగానే ఉంటుంది. అయినా అందులో లోహం కరిగి ఉంటుంది; మన దేశపు నిబంధనల ప్రకారం వాగుల్లోకి, చెరువుల్లోకి వదిలే నీటిలో నికెల్ లీటరుకు 3 మిల్లీగ్రాములు, హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియానికి బాగా విషపూరితమైన రూపం) 0.1 మిల్లీగ్రాము దాటకూడదు.

లోహం ఎక్కువగా ఉన్న నీటికి సున్నమే మేలని నా అభిప్రాయం. సున్నపు పాలు పోసి పీహెచ్‌ను (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలతను) 10 దాకా పెంచితే నికెల్ ఆకుపచ్చని తునకలై అడుగుకు దిగుతుంది. ఖర్చు తక్కువే కానీ, మిగిలే మడ్డి ప్రమాదకర వ్యర్థం; దాన్ని ఎక్కడో ఒక చోట భద్రంగా పూడ్చక తప్పదు.

రెజిన్ అంటే నీటిలోని లోహాన్ని తనలోకి పట్టుకునే పదార్థం; దాన్ని గొట్టంలో నింపి నీటిని దాని గుండా పంపుతారు. స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకుతో చేసే కృత్రిమ రెజిన్ పూసలు ఖరీదైనవి. అయితే పట్టుకున్న నికెల్‌ను ఆమ్లంతో కడిగి వెనక్కి తీసుకుని, అవే పూసలను మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కనుక, విలువైన లోహం ఉన్నచోట ఆ ఖర్చుకు అర్థముంది.

ఇక చెట్టు నుంచి వచ్చేవి. నూలుకు గంజి పెట్టే చింతపిక్కల పొడినే తీసుకుంటే, పచ్చి పొడి నీటిలో ఉబ్బి జావలా మారి గొట్టాన్ని మూసేస్తుంది, నీటిలోకి సేంద్రియ పదార్థాన్నీ వదులుతుంది. అందుకే దానిలోని పొడవాటి చక్కెర గొలుసులను ఎపిక్లోరోహైడ్రిన్ వంటి రసాయనంతో ఒకదానికొకటి ముడివేసి, లోహాన్ని పట్టే రసాయన సమూహాలను వాటికి అతికిస్తారు. ఆ రసాయనం విషపూరితమైనది, కాబట్టి ఈ రెజిన్‌ను పూర్తిగా ప్రకృతి సహజమని అమ్మడం నాకు సమ్మతం కాదు. పైగా ఘాటైన ఆమ్లంతో పదేపదే కడిగితే చక్కెర గొలుసులు తెగి, పట్టు తగ్గిపోతుంది.

క్రోమియం దగ్గర మాత్రం మొక్కలదే పైచేయి. హెక్సావాలెంట్ క్రోమియం నీటిలో రుణావేశంతో తిరుగుతుంది కనుక, ధనావేశమున్న నికెల్‌ను పట్టే మామూలు పూసలకు అది చిక్కదు. తోళ్లు పదును చేసే బెరడుల్లోని టానిన్లతో (వగరు పదార్థాలతో) తయారైన రెజిన్, ఆమ్లగుణమున్న నీటిలో దాన్ని విషం తక్కువైన ట్రైవాలెంట్ రూపానికి మార్చి తనలోనే పట్టి ఉంచుతుంది. సున్నంతో ఈ పని కావాలంటే ముందుగా ఫెర్రస్ సల్ఫేట్ వంటిది వేయాలి, దాంతో మడ్డి మరింత పెరుగుతుంది.

కాబట్టి లోహంలో ఎక్కువ భాగాన్ని సున్నంతో దింపి, మిగిలిన నికెల్‌ను కృత్రిమ పూసలతో తిరిగి రాబట్టి, వేరుగా పట్టిన క్రోమియం నీటిని టానిన్ రెజిన్ గుండా పంపడం నాకు సబబుగా తోస్తుంది. ఏది కొన్నా ముందుగా సొంత యూనిట్‌లో కడిగిన నీటితోనే పరీక్షించాలి. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం కూడా రెజిన్‌లో చోటు ఆక్రమిస్తాయి కాబట్టి, శుద్ధ జలంతో వచ్చిన ఫలితం అక్కడ నిలవదు.