రాంచీలో ఒలింపిక్ అర్హత హాకీ పోటీలు: నెల్లూరు నుంచి వెళ్లిన ఆరుగురి అనుభవం

సంక్రాంతి సెలవుల్లో ఆడపిల్లలను పదిరోజుల పాటు రాష్ట్రం దాటిస్తానంటే మా నెల్లూరు వైపు ఏ తల్లీ వెంటనే ఒప్పుకోదు. అయినా 2024 జనవరిలో మా ఉన్నత పాఠశాల హాకీ జట్టులోని నలుగురు పిల్లలను, వారిలో ఒకరి అమ్మను వెంటబెట్టుకుని నేను రాంచీకి వెళ్లి వచ్చాను. పారిస్ ఒలింపిక్స్‌కు మహిళల అర్హత పోటీలు 13 నుంచి 19 వరకు అక్కడ జరిగాయి. ఎనిమిది జట్లలో మొదటి మూడింటికే పారిస్ అవకాశం కనుక ప్రతి మ్యాచ్ ప్రాణసంకటంగా సాగుతుందని, పిల్లలు చూడదగిన హాకీ అంటే అదేనని నాకు అనిపించింది. మా పిల్లలు ఆడేది మట్టి నేల మీద. మా గోల్‌కీపర్ అమ్మాయి కాళ్లకు కట్టుకునేవి పాత క్రికెట్ ప్యాడ్లు. ఆస్ట్రోటర్ఫ్‌ను, అంటే కృత్రిమ గడ్డి పరిచిన నేలను, వారిలో ఎవరూ కళ్లారా చూడలేదు.

ప్రయాణానికి మాకు నేరుగా దొరికిన బండి అలెప్పీ నుంచి రాంచీ మీదుగా ధన్‌బాద్ వెళ్లేది. మన వైపు పాతవారు ఇప్పటికీ దాన్ని బొకారో అనే పిలుస్తారు. నెల్లూరులో రాత్రి ఎక్కితే ఒక పగలంతా, మరో రాత్రి బండిలోనే గడుస్తుంది. విశాఖ దాటాక తినడానికి మంచివి దొరకడం తగ్గిపోతుంది కనుక పులిహోర, అరిసెలు, కారప్పొడి, పెరుగన్నం కట్టుకెళ్లడం మేలయింది. రూర్కెలా దాటేటప్పుడు చీకటిగానే ఉంది. ఇరవై వేల మంది కూర్చునే బిర్సా ముండా హాకీ స్టేడియం ఆ ఊళ్లోనే ఉందని చెప్పగానే నలుగురూ కిటికీకి ముఖాలు ఆనించారు, దీపాలు తప్ప ఏమీ కనిపించకపోయినా. మంచు వల్ల బండి కొంత ఆలస్యమైంది. జనవరిలో ఈ దారిన వెళ్లేవారు మొదటి మ్యాచ్‌కు కనీసం ఒక రోజు ముందే చేరేలా టికెట్ తీసుకోవాలి.

బస విషయంలో నేను పొరపాటు చేశాను. స్టేషన్‌కు దగ్గరని, అద్దె తక్కువని ఒక లాడ్జిలో ముందుగానే రెండు గదులు మాట్లాడుకున్నాను. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లని చెప్పిన చోట ఉదయం ఆరు నుంచి ఏడు వరకే, అదీ ఒక్కొక్కరికి ఒక బకెట్ మాత్రమే ఇచ్చారు. దుప్పట్లు పలుచన. నెల్లూరులో జనవరిలో కూడా ఫ్యాన్ కింద పడుకునే మాకు రాంచీ చలి ఎముకల్లోకి దిగింది. అంతకంటే పెద్ద ఇబ్బంది దూరం. స్టేడియం మొరాబాదీలో ఉంది. స్టేషన్ నుంచి ఐదారు కిలోమీటర్లు. భారత్ లీగ్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలై తొమ్మిది దాటాక ముగిసేవి, ఆ వేళకు షేర్ ఆటోలు పలచబడేవి. మొదటి రాత్రి ఓటమి చూసి బయటికి వచ్చిన పిల్లలతో ముప్పావు గంట రోడ్డు పక్కన నిలబడ్డాక, మరునాడే మొరాబాదీలో ఒక కుటుంబం నడిపే అతిథి గృహానికి మారిపోయాం. అద్దె రోజుకు నాలుగు వందలు ఎక్కువైనా రాత్రి పది నిమిషాల నడకతో గదికి చేరాం, ఇంటావిడ అడగకుండానే బొగ్గుల కుంపటి వరండాలో పెట్టింది. ఆడపిల్లలతో వెళ్లేవారు అద్దె కంటే ముందు మైదానం నుంచి గదికి నడిచే దారిని చూడాలని నా గట్టి అభిప్రాయం.

స్టేడియానికి మరంగ్ గోమ్కే (మహానాయకుడు) జైపాల్ సింగ్ ముండా పేరు పెట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మనకు హాకీ తొలి స్వర్ణం వచ్చినప్పుడు జట్టు నాయకుడు ఆయనే. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గొంతు వినిపించినదీ ఆయనే. ఇదంతా లోపలికి వెళ్లే ముందే పిల్లలకు చెప్పాను. లోపల నీలి టర్ఫ్ మీద మ్యాచ్‌కు ముందు నీళ్లు చల్లుతుంటే, దీపాల వెలుగులో నేలంతా చెరువులా మెరిసింది. "మేడం, తడి నేల మీద జారిపోరా?" అని గోల్‌కీపర్ అమ్మాయి అడిగింది. తడి ఉంటేనే బంతి సాఫీగా పరుగెత్తుతుందని, పడ్డప్పుడు చర్మం గీరుకుపోదని నేను చెప్పేలోగా ఆట మొదలైంది, ఆమెకే అర్థమైంది.

తొలి మ్యాచ్‌లో అమెరికా 1-0తో మనల్ని ఓడించింది. మరునాడు, మన ఊళ్లలో భోగి మంటలు వేసిన రోజున, న్యూజిలాండ్‌పై తొలి నిమిషంలోనే సంగీతా కుమారి గోల్ కొట్టింది, 3-1తో గెలిచాం. సంగీత, బ్యూటీ డుంగ్‌డుంగ్, సలీమా టేటే అదే జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లా పిల్లలు, నిక్కీ ప్రధాన్ ఖూంటీ జిల్లా మనిషి. వారి పాదాల దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా గ్యాలరీలో లేచే అరుపు సొంత ఊరి ఆడపడుచును పిలిచే పిలుపులా ఉండేది. 16న ఇటలీపై 5-1; ఉదితకు అది వందో అంతర్జాతీయ మ్యాచ్, రెండు గోల్స్ చేసింది.

మధ్యలో 15, 17 తేదీలు ఖాళీ. సంక్రాంతి నాడు ఇంటావిడ అటుకులు, పెరుగు, నువ్వుల తిల్‌కుట్ పెట్టింది. మా అరిసెలు ఆమెకిచ్చాం. బియ్యం, శనగపప్పు రుబ్బి నూనెలో వేసే ధుస్కా శనగల కూరతో రోడ్డు పక్కనే వేడివేడిగా దొరుకుతుంది, పిల్లలకు అది బాగా నచ్చింది. అన్నం మాత్రం అక్కడ ఉప్పుడు బియ్యంతో వండుతారు. మొలగొలుకుల అన్నానికి అలవాటుపడ్డ పిల్ల తల్లికి వారం రోజులూ అది సయించలేదు. దగ్గరి టాగోర్ కొండ ఒక గంటలో ఎక్కి దిగవచ్చు, అంతకు మించి అక్కడ కాలం గడపనక్కరలేదు.

జలపాతాలకు వెళ్లమని అందరూ చెప్పారు కానీ 17న నేను ఖూంటీ వైపు బండి మాట్లాడాను, దానికి ఇప్పటికీ సంతోషిస్తున్నాను. దారి పక్కన ఎర్రమట్టి మైదానంలో మా పిల్లల ఈడు వారు వట్టి కాళ్లతో ఆడుతున్నారు, కొందరి చేతుల్లో వెదురు వంచి చేసుకున్న కర్రలు. ఆ ప్రాంతంలో గెలిచిన జట్టుకు మేకపోతును బహుమతిగా ఇచ్చే పోటీలు ఊరూరా జరుగుతాయి, వాటిని ఖస్సీ టోర్నమెంట్లు అంటారు. మా వాళ్లు బండి దిగి అరగంట ఆడారు. భాష కలవలేదు, ఆట కలిసింది.

18న సెమీస్‌లో జర్మనీతో మ్యాచ్ నేను మరచిపోలేనిది. దీపిక గోల్‌తో మనం ముందుకెళ్లాం, జర్మనీ రెండు కొట్టింది, చివరి క్షణాల్లో ఇషికా చౌదరి 2-2 చేసింది. షూటౌట్‌లో దాడి చేసేవారికి ఎనిమిది సెకన్లు, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కతే. మన గోల్‌కీపర్ సవిత ముందుకు దూకినప్పుడల్లా నా పక్కనున్న పిల్ల మోకాళ్లు వంచి తనూ కదిలింది; ఆమె వేళ్లు నా మణికట్టు మీద ఎర్రటి గుర్తులు వదిలాయి. 3-4తో పోయింది. మరునాడు మూడో స్థానం కోసం జపాన్‌తో ఆడిన మ్యాచ్‌లో, ఆరో నిమిషంలో ఆ జట్టు క్రీడాకారిణి ఉరాటా పెనాల్టీ కార్నర్‌తో (తప్పు జరిగినప్పుడు గోల్ దగ్గర ఎదుటి జట్టుకు ఇచ్చే అవకాశం) చేసిన ఒక్క గోల్‌ను, ఎన్ని పెనాల్టీ కార్నర్లు వచ్చినా, మన వాళ్లు తిరిగి ఇవ్వలేకపోయారు. టోక్యోలో నాలుగో స్థానంలో నిలిచిన జట్టుకు పారిస్ దారి అక్కడ మూసుకుపోయింది. కొందరు లేచి వెళ్లిపోయారు; మేము జర్మనీ, అమెరికా ఫైనల్ కూడా చూసే లేచాం, ఎందుకంటే పిల్లలు చూడవలసింది గెలిచినవారి ఆట కూడా. జర్మనీ గెలిచింది.

తిరుగు టికెట్లు ఫైనల్ మరునాటికి తీసుకోవడం సరైన పని అయింది. చిత్తూరు జిల్లా నుంచి వెళ్లి భారత గోల్‌కీపర్ అయిన ఇటిమరపు రజని గురించి దారిలో పిల్లలు గుచ్చిగుచ్చి అడిగారు. గోల్‌కీపర్ అమ్మాయి వారం రోజులూ ఒక నోటుపుస్తకం నింపింది: దాడి ముగిసిన ప్రతిసారీ గోల్‌కీపర్ చేయి వెనక్కి చాచి స్తంభాన్ని తాకి తన చోటు సరిచూసుకుంటుందట, జపాన్ మ్యాచ్‌లో ఆ తాకుళ్లను లెక్కపెట్టిందట. పండుగ సెలవులు ముగిశాక బడి తెరిచిన తొలి సాయంత్రం మా మట్టి మైదానంలో గోల్ స్తంభాలుగా పాతిన సర్వీ కర్రల మధ్య నిలబడి, ఆ పాత క్రికెట్ ప్యాడ్లతోనే, బంతి దూరంగా పోయిన ప్రతిసారీ చేయి వెనక్కి చాచి కర్రను తాకింది.