రెండేళ్లుగా జొన్న పేలాలతో మాల్ట్ కాస్తున్నా

డల్లాస్‌లో ఉండే మా బావమరిది ఇంట్లోనే బీరు కాస్తాడు. అక్కడ దానికి అనుమతి ఉంది. మన దగ్గర లైసెన్సు లేకుండా కుదరదు కాబట్టి, చిత్తూరులో నేను వాడి పద్ధతిలో సగం దాకా వెళ్లి ఆగిపోతాను. ఈస్ట్ వేయకముందు ఉండే తీపి మాల్ట్ నీళ్లు (మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజలు, ఈ నీళ్లను బీరు కాసేవాళ్లు వోర్ట్ అంటారు) తీసి, మరిగించి, అల్లం దంచి వేసి, చల్లారాక నిమ్మకాయ పిండి ఫ్రిజ్‌లో పెడతాను. నెలకు రెండుసార్లు, రెండేళ్లుగా ఇదే పని.

పేలాల జోలికి వెళ్లింది బద్ధకంతోనే. మామూలు జొన్నలోని పిండి 70 డిగ్రీలు దాటితే గానీ సరిగా ఉడకదు. ఆ వేడికి పిండిని చక్కెరగా మార్చే మాల్ట్‌లోని ఎంజైములు దెబ్బతింటాయి. అందుకని జొన్నల్ని ముందు విడిగా గంజిలా కాచి, వేడి తగ్గనిచ్చి, అప్పుడు మాల్ట్ కలపాలి. పేలాలకు ఆ తిప్పలు లేవు. వేయించినప్పుడే లోపలి పిండి ఉడికి విచ్చుకుని ఉంటుంది. కాకపోతే వాటి సొంత ఎంజైములు కూడా ఆ మంటలోనే పోతాయి. వట్టి పేలాలు ఎంతసేపు నానబెట్టినా తీపి రాదు. తోడుగా మొలకెత్తించి ఎండబెట్టిన రాగులు ఉండాల్సిందే.

నా లెక్క 5 లీటర్ల నీళ్లకు 700 గ్రాముల రాగి మాల్ట్ రవ్వ, 300 గ్రాముల పేలాలు. గ్లాసులతో కొలిస్తే మోసపోతారు, తూకం వేయండి. 65 డిగ్రీల దగ్గర గంటన్నర మూతపెట్టి ఉంచుతాను. తర్వాత పైన తేరిన నీళ్లు ఒక చుక్క తెల్ల ప్లేటులో వేసి, దానిమీద టింక్చర్ అయోడిన్ బొట్టు. నల్లగా తిరిగితే పిండి ఇంకా మిగిలి ఉన్నట్టు. గోధుమ రంగు అలాగే ఉంటే పని అయినట్టు. ఆ చుక్కను మాత్రం సింకులో పారబోయండి.

అసలు నరకం వడగట్టడం. మొదటిసారి పేలాలు మిక్సీలో వేసి మరీ కలిపాను. అంతా జిగురై గుడ్డకు అతుక్కుపోయింది. రాత్రి పదకొండింటికి నేను పంచె గుడ్డ పిండుతుంటే అమ్మ వచ్చి చూసి, "ఏందిరా ఇది, తొలి ఏకాదశి పేలపిండిని నీళ్లల్లో కలిపేసినావు?" అంది. రాగులకు బార్లీలాగా వడపోతకు పనికొచ్చే పొట్టు ఉండదు. ఇప్పుడు రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక శుభ్రంగా కడిగి, వేడినీళ్లలో తీసి, రెండు గుప్పెళ్లు గుడ్డలో అడుగున పరుస్తాను. పేలాలు చేత్తో నలిపితే చాలు. ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది.

సజ్జ పేలాలు కూడా వాడి చూశాను. వాటిలో కొవ్వు ఎక్కువ, వానాకాలంలో వారం తిరక్కుండా ముక్కిపోయిన వాసన. బొరుగులకు రుచి లేదు, ఉప్పు ఒకటి. ఒకసారి బజారు ప్యాకెట్ చూడకుండా పోసేశాను, అందులో నూనె, పసుపు. బ్యాచ్ మొత్తం పారబోశాను. అందుకే ఇంట్లో మూకుట్లో వేయించినవే వాడుతున్నా. ఆ వేయింపు వాసన నీళ్లలోకి దిగుతుంది, దానికోసమే ఇంత కష్టం.

బావమరిది బార్లీ మాల్ట్‌లో ఐదో వంతు జొన్న పేలాలు వేసి బీరు కాశాడట. బాగా తేలిగ్గా వచ్చిందని, నురగ మాత్రం నిలవలేదని చెప్పాడు. ఈసారి పదో వంతు వేస్తానంటున్నాడు. అమ్మ వేయించిన పేలాలు రెండు కిలోలు పార్సిల్ చేయమని ఒకటే గోల.